మధ్యాహ్నపు నడక

పన్నెండు దాకా గంటకు అరవై, అరవై రెండు, ఒక్కో రోజు అరవై నాలుగు కూడా. అన్నం తిన్నాక నలభై, ఆ తర్వాత ముప్పై, నాలుగు కొట్టేసరికి పద్దెనిమిది. ఈ అంకెలు రాసింది ఆరోగ్యమేరే కదా. గంటగంటకూ పక్కన నిలబడి, చెవి వెనక నుంచి పెన్సిల్ తీసి, కుట్టిన కాలర్లు లెక్కబెట్టి రాసుకుపోయింది. రాస్తూ ఒక్కసారైనా కిందికి, పెడల్ మీదున్న పంకజం కాలి వంక చూసిందా? చూసే ఉంటుంది. చూసీ రాసింది. రాయడం ఆమె ఉద్యోగం. ఆ కాగితాలు పట్టుకుని, పంకజం కావాలనే మధ్యాహ్నం పని ఎగ్గొడుతోందని మెమో ఇవ్వడం సూపర్‌వైజరు దేవరాజులు ఉద్యోగం. కాలు తిరగడమంతా నటన అని నవ్వడం కుట్టు లైన్లో ఉన్న నలభై మంది ఉద్యోగం. మరి మొగుడి ఉద్యోగమో? మనసు డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, ఆయన రాసిచ్చిన మాత్రలు మూడు నెలలు దగ్గరుండి మింగించడం. ఆ మూడు నెలలూ తను కొయ్యలా బిగుసుకుపోయి, మంచం మీద పక్కకు కూడా తిరగలేకపోతే, 'ఇప్పుడు అణిగింది' అని ఊపిరి పీల్చుకోవడం.

పెద్దాసుపత్రి నరాల విభాగం వరండాలో బెంచీ చివర కూర్చుని పంకజం పళ్ళు నూరుతోంది. చప్పుడు విని పక్కనామె కాస్త జరిగి కూర్చుంది. పంకజం ఒళ్ళో ప్లాస్టిక్ సంచి ఉంది. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ తెమ్మన్నారని అన్నీ కుక్కి తెచ్చింది. ఇంగ్లీషు చదవడం రాదు కాబట్టి ఏది మందుల చీటీయో, ఏది కంపెనీ కాగితమో చూడలేదు.

డాక్టరు చక్రవర్తి ఈ అరవ ఊళ్ళో పనిచేసే ఆంధ్రా వైపు మనిషి. యాభై దాటిన వయసు. ఆమెను వేళ్ళు ఆడించమన్నాడు, లేచి నడవమన్నాడు, మోచేయి పట్టుకుని మెల్లిగా మడిచి చూశాడు. ఉదయం పది గంటలు. పంకజం చక్కగా నడిచింది. చక్కగా నడిచినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఈయనా నటన అంటాడు, ఇక అయిపోయింది అనుకుంది.

ఆయన సంచిలోని కాగితాలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. ఒక కట్ట దగ్గర ఆగిపోయాడు.

"ఇదేంటమ్మా?"

"అది కంపెనీది సార్. మెమోతో ఇచ్చినారు. పొరబాటున వచ్చేసింది, ఇట్లియ్యండి."

ఆయన ఇవ్వలేదు. గళ్ళ మీద వేలు జరుపుతూ ఒక పేజీ, ఇంకో పేజీ చూశాడు. వెనక నిలబడ్డ ఇద్దరు జూనియర్లు ముందుకు వంగారు.

"మూడు నెలల లెక్క, గంటగంటకూ! అమ్మా, జూన్ పదిహేడున మూడింటి నుంచి నాలుగింటి దాకా యాభై ఎనిమిది ఉంది. మిగతా రోజులన్నీ ఆ గంటలో ముప్పై లోపే. ఆ రోజు ఏం జరిగింది?"

పంకజం కళ్ళు మూసుకుని వెతుక్కుంది. "ఆ పొద్దు కరెంటు పోయింది సార్. ఒక గంట. గుడ్డల మూట మీద తల పెట్టుకోని నిద్రపోతి. మళ్ళా మిషన్లు తిరిగినాక లేచినా."

"లేచాక కాలు?"

"సరిగ్గా ఉండె. అదే సార్ నేను చెప్పేది. ఏడేండ్లుగా అందరికీ చెప్తా ఉండా. పొద్దున బాగుంటాది, మధ్యాన్నమయితే లోపలికి తిరుక్కుంటాది, ఒక కునుకు తీస్తే దిగిపోతాది అని. కునుకుతో దిగిపొయ్యే జబ్బు యాడైనా ఉంటాదా అని నవ్వినారు."

చక్రవర్తి వెనక్కి వాలి జూనియర్లతో ఇంగ్లీషులో చాలా మాట్లాడాడు. అందులో పంకజానికి తెలిసిన మాట ఒక్కటే — గోల్డ్. తన కాలిలో ఈయనకు బంగారం ఎక్కడ కనబడిందో అర్థం కాలేదు. మండిపోయింది.

తర్వాత తెల్ల కాగితం మీద గళ్ళూ సున్నాలూ గీయడం మొదలుపెట్టాడు. మగవాళ్ళు గడి, ఆడవాళ్ళు సున్నా.

"మీ నాన్నగారు ఎవరిని చేసుకున్నారు?"

"వాళ్ళక్క కూతుర్ని."

"మీరు?"

"మా అమ్మ తమ్ముణ్ణి."

రక్తసంబంధపు పెళ్ళిళ్ళని ఆ రెండు చోట్లా జంట గీతలు గీశాడు. కొమ్మల్లా కిందికి దిగాల్సిన గీతలు తిరిగి తిరిగి ఒకే చోటికి వచ్చి ముడిపడ్డాయి. పంకజం ఆ ముడి వంక చూస్తూ కూర్చుంది.

"తోడబుట్టినవాళ్ళు?"

"ఒక అన్న. శివరామ్. నలభై ఆరేండ్లు."

"ఆయన ఆరోగ్యం?"

"బాగుండాడు. తాగుతాడు, అంతే."

"తాగడం మీరు చూశారా?"

"చూసేదేముండాది సార్? సాయంత్రమయితే తూలతా పోతాడు. అన్న ఉండే వ్యాసర్పాడిలో ఎవుర్ని అడిగినా చెప్తారు."

"పొద్దున పూట?"

పంకజం కాగితం మీద అన్న గడి వంక చూసింది.

డాక్టరు కలం కింద పెట్టాడు. "వినండమ్మా. ఇది వణుకు జబ్బే. కానీ ముసలితనంలో అందరికీ వచ్చే రకం కాకపోవచ్చు. అమ్మ వైపు నుంచి ఒకటి, నాన్న వైపు నుంచి ఒకటి, రెండూ చెడ్డవి కలిస్తేనే వచ్చే రకం ఒకటుంది. దాని మూలం ఈ ఏడాదే జపాన్‌లో పట్టుకున్నారు. ఆ రకం చిన్న వయసులో మొదలవుతుంది, నిద్రపోతే తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యం, నింపాదిగా నడుస్తుంది. అయిదారేళ్ళలో మంచాన పడేయదు. మీది అదేనని నా నమ్మకం. మీ అన్నయ్యకూ అదే అయితే, ఆయన మీకంటే పదేళ్ళు ముందు నడుస్తున్నాడన్నమాట. ఆయన్ని చూస్తే మీ దారి ఎలా ఉంటుందో చాలా వరకు చెప్పగలను. ఆయనకీ మందు ఇవ్వగలను. వచ్చే గురువారం తీసుకురండి. ఇద్దరి రక్తం కలిపి బెంగుళూరు పంపిస్తాను. ఆ తర్వాత నేను రెండు నెలలు ఊళ్ళో ఉండను."

అరమాత్ర చొప్పున రోజుకు మూడుసార్లు మింగమని చీటీ రాసిచ్చాడు. కంపెనీకి ఒక ఉత్తరం కూడా.

శుక్రవారం పన్నెండింటికి అన్నంతో పాటు అరమాత్ర మింగి పంకజం మిషను ముందు కూర్చుంది. కాలరు రెండు పొరలు కలిపి, మొన దగ్గర సూది దించి, గుడ్డ తిప్పి, మళ్ళీ నడిపించి, అంచు కత్తిరించి, లోపలిది బయటికి తిరగేసి, మొనను కొయ్యపుల్లతో పొడిచి నిలబెట్టి పక్కకు విసరడం. చేతులకు ఈ పని నిద్రలోనైనా వస్తుంది. అడ్డం పడేది కాలే. కుడి బొటనవేలు ముందు లేస్తుంది, తర్వాత పాదం లోపలికి ఒరుగుతుంది, ఆపైన మడమ పెడల్ మీద నిలవదు. ఒంటిగంటన్నర అయింది. బొటనవేలి కోసం కాచుకుంది. అది లేవలేదు. రెండయింది. రెండున్నర. పాదం చాపలా పడి ఉంది.

మూడింటికి ఆరోగ్యమేరి వచ్చి లెక్కబెట్టి, నమ్మక మళ్ళీ లెక్కబెట్టింది. "యాభై తొమ్మిది. ఏమి పంకజం, మెమో దెబ్బా?"

పంకజం తర్వాతి కాలరు అందుకుంది. సంతోషం వస్తుందనుకుంది. రాలేదు. ఇంత చిన్న పచ్చటి మాత్రముక్క, గోరంత, అది ఏడేళ్ళ కింద ఎవరైనా చేతిలో పెట్టి ఉంటే? తన కాలి మీద వేసిన ప్రతి నవ్వూ ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. సూది కింద గుడ్డను అంత బలంగా లాగిందేమో, దారం తెగిపోయింది.

సాయంత్రం ఇంట్లో అవ్వ గొడవ పెట్టుకుంది. అవ్వ అంటే పంకజానికి అమ్మమ్మా, నాన్నకు అక్కా, మేనమామను చేసుకుంది కాబట్టి అత్తా. డెబ్బై ఎనిమిదేళ్ళు. డాక్టరు గీతల సంగతి విన్న దగ్గర నుంచి వక్కలు కొట్టే రోలు చప్పుడు హెచ్చింది.

"నా తమ్ముడికి నా కూతుర్ని ఇస్తి. తప్పా? నా కొడుక్కి నా మనవరాల్ని తెస్తి. అదీ తప్పా? ఊరూ పేరూ లేనోళ్ళకి ఇయ్యల్నా?"

"తప్పని ఎవురన్నారవ్వా? డాక్టరు గీసినాడు, అంతే."

"గీతలు గీస్తే జబ్బు వచ్చేస్తాదా? కాలు తిరుక్కునేది దాని మనసులోనే దా ఉండాదని నువ్వే గదరా చెప్తివి, ఏకాంబరం!"

ఏకాంబరం చొక్కా విప్పి మేకుకు తగిలిస్తూ ఆగాడు. పద్నాలుగేళ్ళ శరణ్య పుస్తకం మీద నుంచి తల ఎత్తింది. "అమ్మా, నడందు కాట్టు," అంది అరవంలో. నడిచి చూపించమని. పంకజం వాకిలి దాకా నడిచి తిరిగి వచ్చింది. గంట ఏడు. ఆ వేళకు ఆమె అట్లా నడవడం ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగినాక చూడలేదు.

"మామా," అంది పంకజం మొగుడితో. "ఆ మనసు డాక్టరు మాత్రలు జబ్బును ఇంకా ఎక్కువ చేస్తాయంట. చక్రవర్తి సారు చెప్పినాడు."

"నాకెట్ల తెలుస్తాది పంకజా? పెద్ద డాక్టరు రాసిచ్చినాడు, నేను తెచ్చిస్తి."

"నేను చెప్పినాను గదా, బిగుసుకుపోతా ఉండానని."

"శరి, ఇప్పుడు దా సరిపోయింది గదా. పోయిన మాటలు ఎందుకు?"

అదే. పోయిన మాటలు ఎందుకు. ఆయన లుంగీ కట్టుకుని టీవీ పెట్టుకున్నాడు. ఒక్క మాట కావాలి పంకజానికి. తప్పయిపోయింది అని ఒక్క మాట. అది చెప్పడానికి ఈ ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు.

శనివారం కంపెనీలోనూ అంతే. డాక్టరు ఉత్తరం మేనేజరు చదివి మెమో చింపేశాడు. దేవరాజులు పంకజాన్ని నూలు ఉండల అల్మారా పక్కకు పిలిచాడు.

"జబ్బని ముందే ఒక మాట చెప్పి ఉండకూడదామ్మా?"

"ఎన్నిసార్లు చెప్పినాను సార్?"

"నువ్వు కాలు నొప్పి అంటివి. కాలు నొప్పి ఈడ ఎవరికి లేదు? జబ్బు అనలేదు గదా."

"అది జబ్బని నాకు తెలిసి ఉంటే, మీ దగ్గర అంత ఏడుపు ఎందుకు ఏడుస్తాను సార్?"

దేవరాజులు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "శరి శరి. లైన్లో అందరి ముందరా అరవబాక. నీ మంచికే చెప్తా ఉండా, వంశంలో ఉండే జబ్బని ఎవరికీ చెప్పుకోబాక. పిల్ల ఉండాది నీకు."

ఆ మాటతో ఆయన దయగల మనిషి అయిపోయాడు. నిన్నటి దాకా దొంగ, ఈరోజు నుంచి పాపం. ఈ రెంటి మధ్య, నిన్ను నమ్మకపోయాం అనే చోటు ఒకటి ఉండాలి. దాన్ని అందరూ ఎంత సుళువుగా దాటేశారు! అల్మారా తలుపు మీద గుద్దితే ఉండలన్నీ రాలి దొర్లిపోతాయి కదా అని ఒక క్షణం అనిపించింది. గుద్దలేదు. సీటుకు పోయి కాలర్లు కుట్టింది. అరవై ఒకటి.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి అంబత్తూరులో లోకల్ రైలెక్కి వ్యాసర్పాడిలో దిగింది. శివరామ్ పాత ఇనుప కొట్టులో పనిచేస్తాడు. ముందు వెల్డింగు పనిచేసే పట్టడలో ఉండేవాడు, తాగొస్తాడని అక్కడ తీసేశారు. ఎనిమిదేళ్ళుగా ఈ కొట్టు ముందు గోనెసంచి పరుచుకుని, కుప్పలోంచి నట్లు ఒక డబ్బాలో, బోల్టులు ఒక డబ్బాలో, రాగి తీగ ఒక పక్కకు వేరుచేస్తూ కూర్చుంటాడు. పెద్ద సుత్తి దెబ్బల మధ్య అతని చేతులు మాత్రం మెల్లిగా, తొందర లేకుండా ఆడుతున్నాయి.

పంకజం ముందు ఆ చేతుల్ని చూసింది. ఎడమ చెయ్యి ఒళ్ళో ఉన్నప్పుడు వణుకుతోంది, పనిలోకి వచ్చేసరికి ఆగుతోంది. మొహంలో కదలిక తక్కువ. కానీ వీపు నిటారుగా ఉంది. చొక్కా గుండీలు తనే పెట్టుకున్నట్టున్నాడు, ఒకటి తప్పింది. జబ్బు మొదలై పదిహేడేళ్ళు అయినా మనిషి తన పని తాను చేసుకుంటున్నాడు. పదేళ్ళ తర్వాత నేనూ ఇంతేనా? ఇంతే అయితే ఫర్వాలేదు.

"ఏమి, అట్ల కొలతలు తీస్తా ఉండావు?" అన్నాడు శివరామ్. "నాకు చొక్కా కుట్టిస్తావా?"

పంకజం సిగ్గుపడి తిరగేసిన డబ్బా మీద కూర్చుంది.

"అన్నా, నాకు నరాల జబ్బంట."

"విన్నా. ఏకాంబరం మామ పోయిన నెల ఈ దోవన పోతా చెప్పినాడు, డ్రామా చేస్తా ఉండాదని."

"డ్రామా కాదు. డాక్టరు కనిపెట్టినాడు. ఏడేండ్లన్నా! ఎంత చెప్పినా ఒక్కరు వినలా. మధ్యాన్నమయితే కాలు తిరుక్కుంటాది, పండుకుంటే దిగిపోతాది అంటే నవ్వినారు. నీకూ అదేనంట. గురువారం నువ్వు నాతో రావల్ల. నెత్తురు తీసి పంపిస్తారంట."

అతని వేళ్ళలో నట్టు ఆగింది. "నా నెత్తురుతో ఏమి పని?"

"నాది ఎంత బిరీన ముదురుతాదో నిన్ను చూస్తే తెలుస్తాదంట."

ఆ మాట అన్నాక పంకజానికి తెలిసింది, ముందు చెప్పాల్సింది అది కాదని. నీకు మందు ఉంది అని చెప్పాలి. కానీ నోటికి ముందు వచ్చింది అది.

శివరామ్ నట్టును డబ్బాలో వేశాడు. టంగుమంది.

"నేనూ చెప్పినాను పంకజా. నువ్వు పెండ్లయిన కొత్తల్లో. పొద్దున బాగుంటాను, సాయంత్రమయితే కాలు నా మాట వినలేదు అని నీకే చెప్పినాను. 'ఏసుకునేది మానెయ్ అన్నా, కాలు వింటాది' అన్నావు."

మొదలాళి, కొట్టు యజమాని, త్రాసు దగ్గర నుంచి తొంగి చూశాడు. శివరామ్ గొంతు పెంచలేదు. అతనికి గొంతు పెరగదు ఇప్పుడు. లోపలే సన్నగా అరిగిపోయింది.

"నాయన పోయిన దినం మూడింటికి దా పాడె ఎత్తినారు. తిరుత్తణి నుంచి చిన్నాయన రావల్లని కాచుకోని ఉండిరి. పొద్దున ఎత్తి ఉంటే నిప్పుకుండ నేనే మోసి ఉందును. వాకిట్లో నాలుగడుగులు ఏసినా. కాలు మడత పడింది. కుండ పగిలి నిప్పు చెదిరిపాయ. అప్పుడు ఎవురూ ఏమీ అనలా. అందరూ ఊరకనే నిలబడి ఉండిరి. ముందు అనింది నువ్వు."

"అన్నా..."

"'తాగి వచ్చినాడు, ఈయన చేతికి ఇంకో కుండ ఇయ్యబాకండి' అన్నావు. మామ చేతికి ఇచ్చినారు. కన్నకొడుకు వెనక నడిచినాడు. మీ వదిన ఆడే నిలబడి ఉండె. ఆ మాట వినె. నెల తిరిగేలోపల పుట్టింటికి పాయ. ఈ వీధిలో నా పేరేమో తెలుసా? క్వార్టరు శివరామ్. ఎవురైనా నా నోరు దగ్గర మొహం పెట్టి చూసినారా? వెల్డింగు కాడ తీసేసినాడే, వాడు చూసినాడా?"

ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చున్న ముగ్గురిలో ఒకడు 'క్వార్టరు' అన్న మాట వినబడి ఇకిలించాడు.

"పో పంకజా. నాకు జబ్బూ లేదు, ఏమీ లేదు. నేను తాగుబోతును. తాగుబోతు నెత్తురు నీకేమి పనికొస్తాది?"

మళ్ళీ కుప్పలోకి వంగాడు.

తిరుగు రైలులో పంకజానికి ముందు అతని మీదే కోపం వచ్చింది. మందుంది రా అంటే రాడా? తొమ్మిదేళ్ళ నాటి మాటను పట్టుకుని వేలాడతాడా? పెరంబూరు దాటింది, విల్లివాక్కం దాటింది. పోయిన మాటలు ఎందుకు అని తనలో తను అనుకుంటున్నానని కొరట్టూరు దగ్గర గమనించింది. అది ఏకాంబరం మామ గొంతు. అక్షరం కూడా మారలేదు.

సోమవారం, మంగళవారం మిషను నడుస్తూనే ఉంది, ఆమె మనసు ఆ వాకిట్లోంచి కదలలేదు. నిప్పులు చెదిరినప్పుడు అన్న మోకాళ్ళ మీద పడ్డాడు. లేపింది తనే. చంకలో చెయ్యి వేసి లేపింది. అతని మొహం తన మొహానికి జానెడు దూరంలో ఉంది. ఏడుస్తున్నాడు. నోరు తెరిచే ఉంది. ఏమి వాసన వచ్చింది? మర్చిపోయానని అనుకోవాలని చూసింది. సాధ్యం కాలేదు. విభూతి వాసన వచ్చింది. పొద్దుటి నుంచి ఏమీ తినని నోటి వాసన వచ్చింది. అంతే.

తెలిసే అంది.

ఎందుకన్నట్టు? వాకిటి నిండా జనం. కన్నకొడుకు చేతిలో నిప్పు కిందపడితే ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. వంశానికి కీడు అంటారు, చచ్చినవాడికి ఇష్టం లేదు అంటారు. కారణం కావాలి, అప్పటికప్పుడు కావాలి. జబ్బు అన్న మాట ఎవరి దగ్గరా లేదు. తాగుడు అన్న మాట అందరి దగ్గరా ఉంది. తను చెయ్యి చాచి దాన్ని అందుకుంది. దేవరాజులు మెమో రాసినట్టే, మామ మాత్రలు మింగించినట్టే. వాళ్ళకైనా తెలియదు. తనకు తెలుసు.

వారం రోజులుగా అందరి మొహాల మీదికీ విసురుతున్న కోపానికి ఇప్పుడు ఎటు పోవాలో తెలియలేదు. కాలరు మొనను పొడిచే కొయ్యపుల్ల ఆమె చేతిలో విరిగింది. ఆరోగ్యమేరి ఇంకోటి తెచ్చి ఇచ్చి, "ఏమైంది?" అంది.

"ఏమీ లేదు. నేనే."

బుధవారం పన్నెండింటికి అన్నం తింది. అరమాత్రను కాగితంలోంచి అరచేతిలోకి తీసుకుంది. కాసేపు చూసి మళ్ళీ కాగితంలో చుట్టి కొంగున ముడివేసింది. దేవరాజులు అడగకుండానే సగం రోజు సెలవు ఇచ్చాడు. "ఇంటికి పోయి పండుకోమ్మా," అన్నాడు. ఆమె స్టేషనుకు పోయింది.

వ్యాసర్పాడి స్టేషను మెట్లు దిగుతుంటే బొటనవేలు లేచింది. మామూలుగా అయితే అక్కడే ఏదో ఒక గట్టు మీద కూర్చుని, చెప్పు తెగినట్టు దాని వంక చూస్తూ, తగ్గేదాకా కాలం గడిపేది. ఏడేళ్ళలో ఆ వేళప్పుడు నలుగురు చూసే వీధిలో ఆమె నడిచింది లేదు. ఇప్పుడు గోడ పట్టుకుంటూ నడిచింది. ఇనుప కొట్టు చేరేసరికి మూడు కావొస్తోంది.

గోనెసంచి మీద ఆదివారం నాటి మనిషి లేడు. శివరామ్ ముందుకు వంగిపోయి ఉన్నాడు, గడ్డం రొమ్మును తాకుతోంది. చేతిలోని తీగ సగం చుట్టి ఆగిపోయింది. ఎడమ పాదం లోపలికి తిరిగి, వేళ్ళు మడుచుకుని, బొటనవేలు ఒక్కటి పైకి నిక్కి ఉంది. ఆ బొటనవేలిని పంకజం గుర్తుపట్టింది.

"మళ్ళా వచ్చినావా," అన్నాడు. మాట సరిగా బయటికి రాలేదు. "ఇంత ఎండలో. టీ తాగి పో." లేవాలని రెండు చేతులూ నేలకు ఆనించాడు. తుంటి లేవలేదు. మళ్ళీ ప్రయత్నించాడు.

"నువ్వు కూర్చో అన్నా. నేను తెస్తా."

టీ కొట్టు ముప్పై అడుగుల దూరం. మధ్యలో పట్టుకోవడానికి ఏమీ లేదు. బల్ల మీద ఆ ముగ్గురే ఉన్నారు. పంకజం వీధిలోకి దిగింది. కుడి పాదం పూర్తిగా తిరిగిపోయింది. మడమ నేలకు అందడం లేదు, పక్క అంచు మీద అడుగు పడుతోంది. ఒళ్ళు ఎడమకు ఒరిగింది, సర్దుకోబోతే రెండడుగులు వేగంగా పడ్డాయి. సైకిలు వాడొకడు బెల్లు కొట్టి తప్పుకుపోయాడు.

"రెండు టీ," అంది. గ్లాసులు అందుకుంది. చెరో చేతిలో ఒకటి. వేళ్ళ మీద టీ చిందింది.

బల్ల మీదివాడు ఆమెను పైనుంచి కిందికి చూసి పక్కవాడిని మోచేత్తో పొడిచాడు. "ఏమక్కా, పట్టపగలేనా? క్వార్టరు చెల్లెలివా ఏమి?"

పంకజం ఆగింది. వాడి వైపు తిరగడానికి మూడడుగులు పట్టింది.

"అవును," అంది గట్టిగా, వీధంతా వినబడేట్టు. "ఆయన చెల్లెలినే. మా ఇద్దరికీ ఒకే జబ్బు. ఆయన తాగడు. ఆ మాట మొట్టమొదట అనింది నేనే. అది అబద్ధం."

వాడి నవ్వు మొహం మీద మిగిలిపోయింది, ఏమి చేసుకోవాలో తెలియనట్టు. సుత్తి చప్పుడు ఆగింది. మొదలాళి బయటికి వచ్చి నిలబడ్డాడు.

ఆమె తిరిగి వీధి దాటడం మొదలుపెట్టింది. శివరామ్ కష్టం మీద తల ఎత్తాడు. వెల్డింగు పట్టడలో, వాకిట్లో, ఈ వీధిలో అందరూ చూసిన తన నడకను అతను ఒక్కడే ఎప్పుడూ చూడలేదు. అది ఇప్పుడు రెండు టీ గ్లాసులతో ఎదురుగా వస్తోంది. అతని మొహంలో ఏమీ కదలలేదు, కదలదు. కళ్ళు మాత్రం ఆమె పాదాన్ని వదలలేదు.

"నిలబడి రా అమ్మే," అన్నాడు, మెల్లిగా. "ఊపిరి పీల్చి, మడమ ముందు పెట్టు. మడమ ముందు."

పంకజం ఊపిరి పీల్చుకుంది. వచ్చేసరికి గ్లాసుల్లో సగమే మిగిలింది. వాటిని కింద పెట్టి, కొంగు ముడి విప్పి, కాగితంలోని అరమాత్ర తీసి, అన్న అరచేతిలో పెట్టబోయి, ఆగింది. డాక్టరు చూడకుండా ఇవ్వకూడదు, రేపు గురువారమే. మళ్ళీ ముడివేసింది. గోనెసంచి మీద అతని పక్కన కూర్చుని, టీ గ్లాసు అతని పెదవుల దగ్గర పట్టుకుంది. గ్లాసు కదలకుండా ఉండేందుకు ఆమె తన మొహాన్ని అతని మొహానికి ఆనించింది.